వెలుగు ఎక్కడ పడాలి? కారు హెడ్‌లైట్ల చర్చపై ఒక సమీక్ష

కారు హెడ్‌లైట్ల గురించి వాహనదారుల మధ్య నడుస్తున్న చర్చ ఈ మధ్య కాలంలో బాగా చిక్కుపడిపోయింది. కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బు చాలడం లేదని ఎల్‌ఈడీ బల్బులు వేయించుకునేవారు ఒకవైపు ఉన్నారు. ఆ బల్బుల దెబ్బకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయని మొత్తుకునేవారు మరోవైపు ఉన్నారు. ఈ రెండు ఫిర్యాదులనూ ఒకే మనిషి చేయడం కూడా మామూలే. ఎందుకంటే రెండూ నిజమే. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు ముందున్న దారి సరిగా కనిపించడం లేదు. అదే సమయంలో చాలా కార్లు ఎదుటివారి కళ్లలోకి కొడుతున్నాయి. వెలుగు తక్కువైతే ఎదుటివారికి ఇబ్బంది ఎలా కలుగుతుంది, ఎక్కువైతే మనకు దారి ఎందుకు కనిపించదు? ఈ ప్రశ్నకు జవాబు బల్బు పెట్టె మీద రాసిన వాట్లలోనో ల్యూమెన్లలోనో దొరకదు. హెడ్‌లైటు అంటే బల్బు, రిఫ్లెక్టర్, ముందు గ్లాసు, తీగలు, అమరిక అన్నీ కలిసిన ఒక పరికరం. పాతబడ్డ కార్లలో తగ్గిన వెలుగులో ఎక్కువ భాగం రిపేరుతో తిరిగి వచ్చేదే. దాన్ని బల్బు మార్చి తెచ్చుకోబోవడమే ఈ గొడవకు మూలం. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదన ఇదే.

రెండు ఖండాలు, రెండు పద్ధతులు

తొలినాటి కార్లకు కార్బైడు, నీరు కలిపి పుట్టించే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలుండేవి. 1912లో కాడిలాక్ కారు విద్యుత్ స్టార్టరుతోపాటు విద్యుత్ దీపాలను కూడా తెచ్చాక మిగతా కంపెనీలూ ఆ బాట పట్టాయి. అక్కడి నుంచి అమెరికా, ఐరోపా వేరు దారుల్లో నడిచాయి. అమెరికా 1940 నుంచి సీల్డ్ బీమ్‌ను తప్పనిసరి చేసింది. ఫిలమెంటు, రిఫ్లెక్టర్, గ్లాసు అన్నీ ఒకే ముద్దగా ఉండే 7 అంగుళాల గుండ్రటి దీపం అది. బల్బు పోతే మొత్తం దీపమే మార్చాలి. ఖర్చు అనిపించినా ఇందులో ఒక పెద్ద సుగుణం ఉంది. మార్చిన ప్రతిసారీ రిఫ్లెక్టరూ గ్లాసూ కూడా కొత్తవే వచ్చేవి. ఐరోపా బల్బు ఒక్కటే మార్చుకునే పద్ధతిని నిలబెట్టుకుంది. 1962లో తొలి హాలోజన్ బల్బు హెచ్1, 1971లో హై బీమ్, లో బీమ్ రెండూ ఒకే బల్బులో ఇచ్చే హెచ్4 వచ్చాయి. అమెరికా కూడా 1983లో బల్బు మార్చుకునే దీపాలను అనుమతించింది.

తేడా తయారీలోనే కాదు, ఆలోచనలోనూ ఉంది. ఎదుటివాడి కంట్లో పడకూడదన్నది ఐరోపా మొదటి పట్టింపు. అందుకే అక్కడి లో బీమ్‌కు పైన కత్తితో కోసినట్టు ఒక గీత ఉంటుంది. గీత కింద వెలుగు, పైన దాదాపు చీకటి. నడిపేవాడికి దూరం కనిపించాలి, రోడ్డు బోర్డులు మెరవాలి అన్నది అమెరికా మొదటి పట్టింపు కాబట్టి అక్కడి దీపం పైకి కొంత ఎక్కువ వెలుగును వదిలేది. మన దేశం ఐరోపా నమూనానే తీసుకుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలపు గుండ్రటి దీపాల తర్వాత హెచ్4 మన కార్లకు సర్వసాధారణమైపోయింది. 1991లో బీఎండబ్ల్యూ జినాన్ దీపాలను, 2007లో లెక్సస్ ఎల్‌ఈడీ లో బీమ్‌ను తెచ్చాయి. ఆ తెల్లటి వెలుగును చూసిన హాలోజన్ కార్ల యజమానులకు తమ దీపం గుడ్డిదీపంలా అనిపించడం మొదలైంది. బయటి బల్బుల వ్యాపారం పెరగడానికి ఇది పెద్ద కారణం.

హెచ్4 బల్బును దగ్గర నుంచి చూస్తే

ఈ చర్చలో సగం అపార్థాలు హెచ్4 బల్బును ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే తీరిపోతాయి. అయితే పట్టుకోవాల్సింది లోహపు అడుగును, గాజును కాదు. వేలి జిడ్డు అంటితే ఆ చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. వెనకది హై బీమ్‌ది, రిఫ్లెక్టర్ కేంద్రంలో కూర్చుంటుంది. ముందుది లో బీమ్‌ది. దాని కింద చిన్న గరిటెలాంటి లోహపు కప్పు ఒకటి ఉంటుంది. ఆ కప్పు కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది. అందువల్ల లో బీమ్ రిఫ్లెక్టర్ పైసగాన్ని మాత్రమే తాకి రోడ్డు మీదికి దిగుతుంది. కప్పు అంచు ఒకపక్క 15 డిగ్రీలు వాలి ఉంటుంది. మన రోడ్ల మీద ఎడమవైపు వెలుగు కాస్త పైకి లేచి, పక్కన నడిచేవారినీ మైలురాళ్లనూ చూపడానికి కారణం ఈ వాలే. ఎడమచేతి వైపు నడిచే మన దేశానికి తగిన దీపంలో ఆ లేవడం ఎడమకు ఉంటుంది. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన దీపం తెచ్చి బిగిస్తే ఆ వెలుగు నేరుగా ఎదుటి డ్రైవరు ముఖానికి తగులుతుంది.

రిఫ్లెక్టర్ ఒంపులన్నీ ఆ సన్నటి ఫిలమెంటు ఎక్కడుందో లెక్కగట్టి గీసినవి. మిల్లీమీటరులో కొంత భాగం తేడా వచ్చినా వెలుగు పడే చోటు మారిపోతుంది. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంటు ఉండదు. ఒక పలక మీద అటూ ఇటూ చిప్పులు అతికించి ఉంటాయి. పలకకు మందం ఉంటుంది కాబట్టి చిప్పులు ఫిలమెంటు ఉండే చోట సరిగ్గా కూర్చోలేవు. పైకీ కిందికీ వెలుగు తక్కువ, పక్కలకు ఎక్కువ. ఫలితంగా కొన్ని దీపాల్లో గీత చెదిరిపోయి పైకి వెలుగు చిమ్ముతుంది. మరికొన్నింటిలో గీత బాగానే ఉన్నా దూరంగా పడాల్సిన వెలుగు బండి ముందే గుమిగూడుతుంది. నడిపేవారిని మోసం చేసేది ఈ రెండోదే. కారు ముందు పది, పదిహేను మీటర్ల రోడ్డు తెల్లగా మెరిసిపోతుంటే దీపం బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కాని కన్ను ఆ దగ్గరి వెలుగుకు అలవాటుపడి, దూరాన చీకట్లో ఉన్నదాన్ని ఇంకా తక్కువగా చూస్తుంది. దూరం రెట్టింపయితే అంతే వెలుగు పడడానికి నాలుగు రెట్ల వెలుగు పంపాలి. దగ్గర ఎంత కుమ్మరించినా ఆ లెక్క తీరదు.

మూడు వాదాలు

మొదటిది వెలుగు పెంచాలనే వాదం. మన రోడ్ల మీద గీతలు లేవు, దీపాలు లేవు, దుమ్ము, వాన, రోడ్డు మీద పశువులు, వెనక రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీలు. ఇంత చీకట్లో 55 వాట్ల హాలోజన్ ఏ మూలకు? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టే లోపే 30 మీటర్లకు పైగా గడిచిపోతాయి, ఆగడానికి మరో 40 మీటర్లయినా పడుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి లో బీమ్‌లో 50, 60 మీటర్ల లోపుకు వస్తేగాని కనపడడు. ఈ వాదం పాత రూపం 100/90 వాట్ల బల్బు, మధ్య రూపం హెచ్ఐడీ (జినాన్) కిట్టు, నేటి రూపం ఎల్‌ఈడీ బల్బు.

రెండోది కంపెనీ ఇచ్చినదాన్ని ముట్టుకోవద్దనే వాదం. ఎదుటివారి కళ్లకు హాని, చట్టానికి విరుద్ధం, వారంటీ పోతుంది, తీగలు కాలతాయి అన్నవి దీని కారణాలు. అన్నీ గట్టివే. కాకపోతే ఈ వాదం ఒక సంగతి మరచిపోతుంది. పదేళ్లు తిరిగిన కారు దీపం కంపెనీ ఇచ్చిన దీపంగా మిగలదు. దాన్ని ముట్టుకోకుండా వదిలేయడమంటే క్షీణతను వదిలేయడమే.

మూడోది, మారిస్తే మొత్తం దీపాన్ని మార్చాలనే వాదం. అదే మోడల్ పై శ్రేణికి కంపెనీ ఇచ్చే ప్రొజెక్టర్ లేదా ఎల్‌ఈడీ యూనిట్‌ను పూర్తిగా బిగించడం, లేదా పాత డూమ్ (హెడ్‌లైటు గూడు) విప్పి అందులో ప్రొజెక్టర్ అమర్చడం దీని పద్ధతులు. వెలుగు పుట్టే చోటూ, దాన్ని మళ్లించే ఒంపూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి కావాలన్న సూత్రం ఇందులో ఉంది కాబట్టి నాకు ఈ వాదమే సహేతుకంగా కనిపిస్తుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. డూమ్‌ను వేడిచేసి గ్లాసు ఊడదీసే పని చేయి తిరిగినవాడికే సాధ్యం. మళ్లీ అతికించేటప్పుడు సీలు సరిగా కూర్చోకపోతే తొలి వానకే లోపల తడి పడుతుంది.

క్లుప్తంగా పోలిస్తే, మొదటి వాదానికి నడిపేవాడి కష్టం తెలుసు, ఎదుటివాడి కష్టం తెలియదు. రెండోదానికి ఎదుటివాడు తెలుసు, నడిపేవాడి చీకటి పట్టదు. మూడోదానికి రెండూ తెలుసు, కాని జేబు సంగతి పట్టదు. ఈ మూడింటికీ ముందు జరగాల్సిన పని ఒకటుంది, దాని గురించి మాట్లాడేవారే తక్కువ.

పోయిన వెలుగు ఎక్కడికి పోయింది

ఇప్పటి కార్ల ముందు గ్లాసు నిజానికి గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్కు. బరువు తక్కువ, రాయి తగిలినా పగలదు, ఏ ఆకారంలోనైనా పోయవచ్చు. కాని ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పచ్చబడి, మసకబారుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఫ్యాక్టరీలో పైన గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి రామగుండం ఎండలోనో రెంటచింతల ఎండలోనో నిలబడితే ఆ పూత చిట్లిపోతుంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో చేసిన పరీక్షల్లో బాగా పచ్చబడిన గ్లాసు దీపం, కొత్త దీపం ఇచ్చే వెలుగులో 22 శాతం మాత్రమే ఇస్తున్నట్టు తేలింది. మసక గ్లాసు వెలుగును తగ్గించడంతో ఆగదు, మిగిలిన వెలుగును నలువైపులకూ చెదరగొడుతుంది. అంటే కనిపించకపోవడం, కళ్లలోకి కొట్టడం రెండూ ఇక్కడ ఒకే లోపం నుంచి పుడుతున్నాయి. అలాంటి గ్లాసు వెనక మరింత బలమైన బల్బు పెడితే చెదిరే వెలుగే పెరుగుతుంది.

దీనికి మందు ఉంది. వాటర్ పేపరుతో తడిపి రుద్దుతూ 800 నుంచి 2000, 3000 నంబరు దాకా పోయి, కాంపౌండుతో బఫింగు చేస్తే గ్లాసు తేటపడుతుంది. అదే పరీక్షల్లో ఇలా బాగుచేసిన గ్లాసులు కొత్తదానిలో సుమారు 70 శాతం వెలుగు దాకా చేరాయి. అయితే చాలాచోట్ల పని ఇక్కడితో ఆపేస్తారు. రుద్దినప్పుడు మిగిలిన పాత పూత కూడా పోతుంది కాబట్టి, పైన ఎండను తట్టుకునే కొత్త పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే గ్లాసు మునుపటికంటే వేగంగా పచ్చబడుతుంది. టూత్‌పేస్టు చిట్కా కథ కూడా ఇదే. మెరుపు వస్తుంది, నిలవదు.

రెండో దొంగ తీగల్లో ఉంటాడు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీకి విపరీతంగా స్పందిస్తుంది. బల్బు దగ్గర వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. సన్నటి తీగలు, స్విచ్చులో అరిగిన కాంటాక్టులు, తుప్పుపట్టిన ఎర్త్ కలిసి ఒక వోల్టు మింగేయడం పాత కార్లలో వింత కాదు. ఇంజిను నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు కనెక్టరు దగ్గరా మల్టీమీటరుతో చూస్తే తేడా బయటపడుతుంది. అర వోల్టు దాటితే మార్చాల్సింది బల్బు కాదు, తీగలు. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, రిలేలతో మంచి మందం తీగ లాగితే అదే 60/55 బల్బు తన పూర్తి వెలుగును ఇస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనితెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్లకు ఇది కొత్తేమీ కాదు. అడిగేవారే తక్కువ. ఈ రిలేలు లేకుండా 100/90 వాట్ల బల్బు వేస్తే లో బీమ్‌కే రెండు వైపులా కలిపి 9 ఆంపియర్ల చోట 15 ఆంపియర్ల కరెంటు పారుతుంది. హోల్డరు కరగడం, స్విచ్చు కాలడం, ఆ వేడికి రిఫ్లెక్టర్ మెరుపు పూత పొరలు పొరలుగా లేవడం అప్పుడే మొదలవుతుంది. పూత పోయిన రిఫ్లెక్టర్‌ను మళ్లీ మునుపటిలా చేయడం కష్టం.

మూడోది అమరిక. బల్బు మార్చినప్పుడు వంకరగా కూర్చోవడం, చిన్న గుద్దుడుకు డూమ్ కాళ్లు విరిగి కాస్త పైకి తిరగడం, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఎక్కి ముందు భాగం లేవడం వల్ల మంచి దీపం కూడా చెడ్డదవుతుంది. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపితే, మామూలు కారు లో బీమ్ గీత దీపం ఎత్తుకంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద పడాలి. చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా తిప్పే చక్రం ఉన్నది, బరువు ఎక్కినప్పుడు ఈ గీతను దించడానికే. దాని పని తెలియకుండానే కారు అమ్మేసేవారు బోలెడు మంది. ఖర్చులేని ఈ ఒక్క పనితో తీరే బాధకు వేలు పోసి బల్బులు కొనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అమ్మేవారు ఈ మాట చెప్పరు, చెప్పాల్సిన బాధ్యత వారి మీద ఉందని నేను నమ్ముతాను.

అభ్యంతరాలు

గ్లాసు బాగుచేసి, తీగలు మార్చి, అమరిక సరిచేసినా కొన్ని దీపాలు చాలవు కదా అనేది మొదటి అభ్యంతరం. ఒప్పుకోవాలి. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2016లో తొలిసారి 31 మధ్యశ్రేణి కార్ల హెడ్‌లైట్లను రోడ్డు మీద కొలిచినప్పుడు ఒక్క కారుకే ‘మంచి’ రేటింగు వచ్చింది, అదీ ఎల్‌ఈడీ దీపాలున్న రకానికి. పదింటికి ‘నాసి’ రేటింగు వచ్చింది. ఆ తర్వాత 2021లో అదే సంస్థ, మంచి రేటింగున్న దీపాల కార్లు రాత్రిపూట ఒంటరిగా ప్రమాదానికి గురయ్యే రేటు నాసి దీపాల కార్లకంటే 19 శాతం తక్కువని తేల్చింది. అంటే వెలుగు పెంచాలనే వాదానికి ప్రాణాల సాక్ష్యమే ఉంది. కాని ఆ మేలు కలిగింది దీపంగా రూపొందిన దీపం వల్ల, హాలోజన్ డూమ్‌లో దూర్చిన ఎల్‌ఈడీ బల్బు వల్ల కాదు. ఖరీదైన కార్ల దీపాలకు కూడా ఆ తొలి పరీక్షలో నాసి రేటింగులు రావడం గమనించాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జర్మనీ 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులను రోడ్డు మీద అనుమతించింది, మనకెందుకు కూడదు? నిజమే, అనుమతించింది. కాని ఏ బల్బు ఏ కారు ఏ హెడ్‌లైటులో సరిగా పడుతుందో పరీక్షించి, ఆ జాబితాలో ఉన్న కార్లకే ఆ అనుమతి పరిమితం చేసింది. ఫిలమెంటు ఉన్న చోటుకు వీలైనంత దగ్గరగా చిప్పులు పెట్టిన బల్బు, దాన్ని సహించే రిఫ్లెక్టర్ కలిస్తే పని జరుగుతుందని ఇది నిరూపించింది. ఏ బల్బయినా ఏ కారుకైనా పనికొస్తుందని నిరూపించలేదు. మన మార్కెట్లో అమ్మకం జరిగేది ఈ రెండో మాట మీద.

తెల్లటి వెలుగు మేలన్న మాట కూడా పూర్తిగా నిలవదు. 6000 కెల్విన్ల నీలిఛాయ తెలుపు కొత్తగా అనిపిస్తుంది, కాని నీలం ఎక్కువైన కొద్దీ ఎదుటివారికి కంటి ఇబ్బంది పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. శుక్లాలు మొదలైన పెద్దవారి కళ్లలో వెలుగు మరింత చెదురుతుంది. ఫ్రాన్సు 1930ల చివరి నుంచి 1993 దాకా పసుపు హెడ్‌లైట్లనే వాడింది. అలాగని పసుపు పొగమంచును చీల్చుకుపోతుందన్న నమ్మకానికీ బలమైన ఆధారం లేదు. అరకు ఘాట్‌లో పొగమంచు కమ్మినప్పుడు పనికొచ్చేది రంగుకంటే దీపం ఎత్తు. కిందుగా, వెడల్పుగా పడే వెలుగే అక్కడ దారి చూపుతుంది.

చట్టం ఏమంటోంది, ఏమి తేలలేదు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, దీపానికి 8 మీటర్ల దూరంలో, బండికి కుడివైపు అర మీటరు పక్కన, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున కన్నున్న మనిషికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదంటుంది. వాట్ల గురించి మాట్లాడకుండా వెలుగు ఎక్కడ పడుతుందో చూసే ఈ నిబంధన ఆలోచనలో సరైనది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానాకూ, ఆరు నెలల వరకు జైలుకూ వీలు కలిగింది. అమలు విషయానికి వస్తే, సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ఇస్తారు, ఆ మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష లేదు. పచ్చబడిన గ్లాసును, ఆకాశానికి తిరిగిన దీపాన్ని ఆ పదిహేనేళ్లలో అధికారికంగా ఎవరూ కొలవరు. రోడ్డు మీద పోలీసు చూడగలిగేది అదనపు దీపాలనూ, కొట్టొచ్చే తెలుపునే. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ రేటింగులోనూ హెడ్‌లైటు వెలుగుకు మార్కులు లేవు. కాబట్టి కొత్త కారు కొనేవారికి దీపం మంచిచెడ్డలు తెలుసుకునే దారి కూడా లేదు.

మిరుమిట్ల వల్ల ఎన్ని ప్రమాదాలు జరుగుతున్నాయన్నది ఇంకా తేలని ప్రశ్న. పైన చెప్పిన అమెరికా బీమా సంస్థ 2025లో విడుదల చేసిన విశ్లేషణ ప్రకారం, అక్కడి పోలీసు రికార్డుల్లో వెయ్యి రాత్రి ప్రమాదాలకు ఒకటి రెండింట్లోనే మిరుమిట్లు కారణంగా నమోదయ్యాయి. జనం చిరాకుకూ ఈ అంకెకూ పొంతన కుదరదు. మధ్యలో డివైడరు లేని మన రెండు వరుసల రోడ్లకు ఆ అంకె వర్తిస్తుందని నేననుకోను. ఎదురెదురుగా హై బీమ్‌లు వేసుకుని, డిమ్ కొట్టకుండా దాటుకునే చోట లెక్క వేరే ఉంటుంది. కాని ఆ లెక్క మనవాళ్లు తీసేదాకా రెండు పక్షాలూ ఊహల మీదే వాదించుకోవాలి.

రేపటి గొడవ మరొకటి ఇప్పటికే కనిపిస్తోంది. కొత్త కార్లలో ఎల్‌ఈడీ చిప్పులు యూనిట్‌లోనే కలిసి వస్తున్నాయి. బల్బు మార్చడమన్న మాటే లేదు. చిప్పులకు కరెంటు అందించే చిన్న డ్రైవరు సర్క్యూటు పోయినా, ఒక కాలు విరిగినా, లోపల తేమ చేరినా మొత్తం యూనిట్ మార్చమంటారు. హాలోజన్ బల్బు కొన్న డబ్బుకూ ఆ ఖర్చుకూ పోలికే లేదు. సీల్డ్ బీమ్ కాలంలో కూడా మొత్తం దీపం మార్చాల్సి వచ్చేది, కాని అది ఒకే కొలత, ఒకే ధర, ఏ దుకాణంలోనైనా దొరికేది. నేటి యూనిట్ ఒక్కో మోడలుకూ ఒక్కో రకం, మోడల్ ఆగిపోయాక దొరకడమే కష్టం. సర్క్యూటు, కాళ్లు, గ్లాసు విడివిడిగా అమ్మేలా కంపెనీలను ఒప్పించకపోతే, ఇప్పుడు హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ దూర్చుతున్న చేతులే రేపు ఎల్‌ఈడీ యూనిట్‌ను కోసి నాసిరకం చిప్పులు అతికిస్తాయి. బీమా కంపెనీలూ, రవాణా శాఖా, తయారీదారులూ ఈ విషయంలో కలిసి కూర్చున్న దాఖలా నాకు కనిపించలేదు.